చికిత్స దారి వెంట కృతజ్ఞత: ఒక రొమ్ము క్యాన్సర్ సహాయ సంస్థ పదేళ్ల వేడుకపై కేస్ స్టడీ

రాజమహేంద్రవరం కేంద్రంగా, పాత ఉభయ గోదావరి జిల్లాల స్త్రీల కోసం పనిచేసే ఒక చిన్న రొమ్ము క్యాన్సర్ సహాయ సంస్థ తన పదేళ్ల వార్షికోత్సవాన్ని ఏ విధంగా జరుపుకుంది, తనకు అండగా నిలిచినవారికి ఏ పద్ధతిలో కృతజ్ఞతలు చెప్పింది, ఆ పద్ధతిని ఎందుకు ఎంచుకుంది, తరువాత పనిలో ఏ మార్పు కనిపించింది అనే విషయాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. నేను వృత్తిరీత్యా నర్సును. శస్త్రచికిత్స వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన తరువాత ఈ సంస్థలో రోగి సహాయ సమన్వయకర్తగా చేరాను. రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన స్త్రీ చికిత్స పూర్తయ్యేదాకా మధ్యలో ఎక్కడా ఆగిపోకుండా చూడడం నా బాధ్యత. వేడుక ఏర్పాట్లను కార్యవర్గం నాకు అప్పగించినప్పుడు, దానిని కూడా ఆ బాధ్యతలో భాగంగానే చూశాను.

మా సంస్థకు ఆసుపత్రి లేదు, యంత్రాలు లేవు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య రోగి జారిపోయే చోట్లలో నిలబడడమే మా పని. భారతదేశంలో 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, సుమారు 98,000 మంది దానితో మరణించారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా వేసింది. రెండవ సంఖ్య మొదటి దానిలో సగానికి పైగా ఉండడానికి ముఖ్య కారణం, మన స్త్రీలలో చాలామంది గడ్డ పెద్దదై, చంకలోకి పాకిన తరువాతనే వైద్యుని దగ్గరికి రావడం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రారంభించిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం మూడు గురి సంఖ్యలను ముందు పెట్టింది. రోగుల్లో కనీసం 60 శాతం మందికి వ్యాధిని మొదటి రెండు దశల్లోనే గుర్తించాలి. వైద్యుని దగ్గరికి వచ్చిన 60 రోజుల్లోగా నిర్ధారణ పూర్తి కావాలి. కనీసం 80 శాతం మంది తమ చికిత్సను చివరిదాకా పూర్తి చేయాలి. ఈ మూడింటిలో మొదటిది ఊరి చేతిలోను, రెండవది ప్రయోగశాలల చేతిలోను, మూడవది కుటుంబం, డబ్బు, ప్రయాణం, బస అనే నాలుగు విషయాల చేతిలోను ఉంటాయన్నది నా అనుభవం. మాకు సహాయం చేసేవారందరూ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట పనిచేస్తున్నవారే. వేడుక రూపకల్పన అంతా ఈ గమనింపు నుంచే పుట్టింది.

మన ప్రాంతంలో సేవా సంస్థల వార్షికోత్సవాలకు స్థిరపడిన ఒక క్రమం ఉంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, దాతలకు శాలువాలు, జ్ఞాపికలు, ఆ తరువాత ఇద్దరు ముగ్గురు రోగులను వేదిక ఎక్కించి మాట్లాడించడం, చివరికి భోజనాలు. ఈ క్రమంపై నాకు చిన్నచూపు లేదు; దాతను నలుగురిలో గౌరవించడం మన సమాజంలో అర్థవంతమైన మర్యాద. పెద్ద ఎత్తున చేసే బహిరంగ కార్యక్రమాల విలువ కూడా తక్కువది కాదు. డాక్టర్ పి. రఘురామ్ తన తల్లి, స్వయంగా రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న వైద్యురాలు డాక్టర్ ఉషాలక్ష్మి పేరుతో 2007లో హైదరాబాద్‌లో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్, అక్టోబరు నెలలో చార్మినార్ వంటి కట్టడాలను గులాబీ వెలుగులో నింపి, నడకలు నిర్వహించి, ఇళ్లలో గుసగుసగా మాత్రమే వినిపించిన ఒక జబ్బు పేరును వీధిలో పలికించింది. అదే సంస్థ 2012 నుంచి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాల గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, సుమారు రెండు లక్షల మంది పేద స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయించింది. వెలుగులు, నడకలు అందరికీ కనిపించాయి గానీ, నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఆ రెండవ పని. అయితే మాది జిల్లా స్థాయి సంస్థ. మాకు సహాయం చేసేవారిలో డబ్బు ఇచ్చినవారి కంటే సమయాన్ని, వాహనాన్ని, ఇంట్లో ఒక గదిని, చేతిపనిని ఇచ్చినవారు ఎక్కువ. దాతల జాబితాను మొత్తాల వరుసలో చదివితే వీరి పేర్లు ఎక్కడా రావు.

అందువల్ల వేదిక మీది కార్యక్రమాన్ని చికిత్స జరిగే క్రమంలోనే నడపాలని ప్రతిపాదించాను. ఒక స్త్రీ గడ్డను గమనించిన రోజుతో మొదలుపెట్టి, చికిత్స తరువాత ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునే కాలం దాకా ఉన్న దారిని చెప్పుకుంటూ వెళ్లి, ప్రతి మలుపు దగ్గర ఆగి, అక్కడ పనిచేసినవారిని లేపి, వారు చేసిన పనిని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి నమస్కరించాలన్నది ఆ ప్రతిపాదన. ముఖ్య అతిథి లేకపోతే పత్రికలవారు రారని కార్యవర్గంలో కొందరు సందేహించారు. చివరికి ఆ ప్రాంతపు వైద్యాధికారి ఒకరిని పిలిచి, ప్రసంగం బదులు మొదటి మలుపు దగ్గరి సన్మానం ఆయన చేత చేయించాం.

ఆ మొదటి మలుపు ఊళ్లలో పనిచేసే ఆశా కార్యకర్తలది, ఏఎన్ఎంలనే ఆరోగ్య ఉపకేంద్రాల నర్సులది. ఇక్కడ నేను సభకు ఒక పరిశోధన గురించి వివరంగా చెప్పాను, ఎందుకంటే తాము చేసేది చిన్న పని అని వారిలో చాలామంది నమ్ముతారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మంది స్త్రీలపై ఇరవై ఏళ్లపాటు జరిపిన అధ్యయనంలో రొమ్ము పరీక్ష చేసినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. వారు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించిన స్త్రీలలో వ్యాధి ముందు దశల్లో బయటపడింది. యాభై ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెలువడిన ఫలితాలు చూపించాయి. యాభై లోపువారిలో మరణాలు ఆ విధంగా తగ్గలేదన్న సంగతిని కూడా సభలో దాచలేదు. సహాయకులకు నిజం పూర్తిగా చెప్పడం కూడా వారిని గౌరవించడమే. కోనసీమ నుంచి వచ్చిన ఒక ఆశా కార్యకర్త ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, "సిస్టర్ గారూ, మేము చేత్తో చూసే పరీక్షకు కూడా ఇంత లెక్క ఉందా?" అని అడిగారు. శాలువా కంటే ఆ లెక్కే ఆమెకు ఎక్కువ విలువైనదిగా తోచిందని నేను అనుకుంటున్నాను.

రెండవ మలుపు నిర్ధారణ. సూది పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మా ప్రాంతంలో ఇంకా బలంగా ఉంది, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అనగానే నాటు వైద్యానికి మళ్లి విలువైన నెలలు పోగొట్టుకునేవారు ఉన్నారు. ఈ భయాన్ని తీర్చడంలో వైద్యుని మాట కంటే, అదే పరీక్ష చేయించుకుని బాగున్న పక్క ఊరి స్త్రీ మాట త్వరగా పనిచేస్తుంది. అటువంటి స్త్రీలు కొందరు మా తరఫున ఫోనులో మాట్లాడుతూ ఉంటారు. వారిలో చాలామంది తమ పేరు బయటికి రాకూడదని కోరారు కాబట్టి, "ఫోను అందుకునే అక్కలకు" అని మాత్రమే చెప్పి, వారిని లేపే బదులు సభ అంతా చప్పట్లు కొట్టింది. తక్కువ రుసుముతో మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేసే కేంద్రాలవారిని, గడ్డ ముక్కను భద్రపరిచిన గాజు స్లైడ్లను, మైనపు దిమ్మెలను జాగ్రత్తగా ప్యాక్ చేసి పెద్ద ప్రయోగశాలకు పంపే సాంకేతిక సిబ్బందిని, ఉదయం బస్సు దిగిన రోగిని ఆసుపత్రికి చేర్చి కిరాయి తీసుకోని ఆటో సోదరులను ఇక్కడే పిలిచాం. క్యాన్సర్ హార్మోన్ల వల్ల పెరిగే రకమా అని చెప్పే హార్మోను గ్రాహకాల పరీక్ష, హెర్2 అనే ప్రోటీను ఎక్కువగా ఉందా అని చెప్పే హెర్2 పరీక్ష ఫలితాలు రాకుండా సరైన మందును నిర్ణయించలేరు. ఆ దిమ్మె దారిలో ఒక వారం ఆలస్యమైతే చికిత్స ఒక వారం ఆలస్యమవుతుంది. ప్యాకింగ్ చేసే కుర్రవాడికి ఈ సంగతి అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

శస్త్రచికిత్స మలుపు దగ్గర కార్యక్రమం అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆగింది, అది మంచిదే అయింది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వచ్చిన తరువాత పేద స్త్రీకి ఆపరేషన్ ఖర్చు మునుపటంత పెద్ద అడ్డంకిగా లేదు. పథకం కింద ఆసుపత్రుల్లో కూర్చునే ఆరోగ్య మిత్రలను అందుకే ప్రత్యేకంగా ఆహ్వానించాం. అయితే పథకం చేరని చిన్న అవసరాలు చాలా ఉంటాయి. రొమ్ము తొలగించిన తరువాత గాయం నుంచి వచ్చే ద్రవం కోసం ఒక గొట్టం, దాని చివర ఒక సీసా పెడతారు. అది కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఉండవచ్చు. చీర కట్టుకున్న స్త్రీ ఆ సీసాను ఎక్కడ పెట్టుకోవాలి? చేత్తో పట్టుకుని బస్సు ఎక్కలేదు, కొంగు కింద దాస్తే గొట్టం లాగుతుంది. మాతో పనిచేసే దర్జీ మహిళలు మెడలో వేసుకునే తాడుతో మెత్తని నూలు సంచులు కుట్టి ఇస్తున్నారు. గాయం మానిన తరువాత వేసుకోవడానికి, లోపల జేబు ఉన్న జాకెట్లను, ఆ జేబులో పెట్టుకునే దూదితో నింపిన నూలు రొమ్ములను కూడా వారే తయారు చేస్తారు. కొలతలు తీసుకునేటప్పుడు రోగి ఏడిస్తే పని ఆపి కూర్చునే ఓర్పు వారికి ఉంది. దుకాణంలో దొరికే సిలికాను కృత్రిమ రొమ్ము ధర మా రోగుల్లో చాలామందికి అందదు, మన ఎండల్లో దాని బరువు, చెమట భరించడం కూడా కష్టం. ఈ దర్జీ మహిళలను వేదిక మీదికి పిలిచి, వారు కుట్టిన జాకెట్టును, సంచిని సభకు చూపించి, ప్రతి కుట్టు వెనుక ఉన్న కారణాన్ని వారి చేతనే చెప్పించాం. చంక భాగంలో కుట్టు ఎందుకు వదులుగా ఉండాలో, చంకలోని గ్రంథులు తీసినవారికి చేయి వాచే అవకాశం ఎందుకు ఉంటుందో ఒక దర్జీ మహిళ వివరించినంత స్పష్టంగా నేను శిక్షణ తరగతుల్లో కూడా విన్న గుర్తు లేదు.

కీమో దశలో స్త్రీలను ఎక్కువగా బాధపెట్టేది జుట్టు రాలడం. మా వైపు చాలామంది ద్వారకా తిరుమలలో తలనీలాలు ఇచ్చామని ఇరుగుపొరుగుకు చెబుతారు. కొందరు జుట్టు రాలక ముందే నిజంగా వెళ్లి మొక్కు చెల్లించి వస్తారు, దానితో వారికి చెప్పుకోవడానికి గౌరవప్రదమైన మాట దొరుకుతుంది, మనసుకూ కొంత నెమ్మది కలుగుతుంది. ఆ ప్రయాణానికి తోడుగా వెళ్లే స్వచ్ఛంద కార్యకర్తలకు, నోరు పూసి అన్నం దిగని రోజుల్లో మెత్తని జావ, కారం లేని పప్పన్నం వండి వార్డుకు పంపే కుటుంబాలకు ఇక్కడ కృతజ్ఞతలు చెప్పాం. రేడియేషన్ కోసం మా రోగుల్లో కొందరు విశాఖపట్నం వెళతారు. ఇప్పుడు చాలామందికి పదిహేను సిట్టింగులతో, మూడు వారాల్లో ఆ చికిత్స ముగుస్తోంది. ఐదారు వారాలు పట్టే పాత పద్ధతితో పోలిస్తే ఇది పెద్ద ఉపశమనం. అయినా రోజుకు కొన్ని నిమిషాల చికిత్స కోసం మూడు వారాలు పరాయి ఊళ్లో ఉండాలి. కూలికి వెళ్లే భర్త వెంట ఉండలేడు. తమ ఇంటి మేడ మీది గదిని ఇచ్చి, కూతురిని చూసుకున్నట్టు చూసుకున్న విశాఖ దంపతులు సభకు వచ్చారు. వారి ఇంట్లో ఉండి చికిత్స పూర్తి చేసుకున్న ఇద్దరు స్త్రీలు తమంతట తామే లేచి వెళ్లి వారికి బొట్టు పెట్టి, చీర, పసుపు కుంకుమలు అందించారు. అది మా కార్యక్రమంలో రాసుకున్న అంశం కాదు.

రోగుల గోప్యత గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే సేవా సంస్థలు తమ వేడుకల్లో ఎక్కువగా తొట్రుపడేది ఇక్కడే అని నా అభిప్రాయం. వేదిక ఎక్కి మాట్లాడాలని మేము ఏ రోగినీ కోరలేదు. మాట్లాడాలనుకున్నవారు ముందుగా తెలియజేయవచ్చని మాత్రం చెప్పాం. ముందుకు వచ్చినవారి దగ్గర కొన్ని వారాల ముందు ఒకసారి, ఆ రోజు ఉదయం మరొకసారి అంగీకారం తీసుకున్నాం, చివరి నిమిషంలో మానుకున్నా ఎవరూ కారణం అడగరని హామీ ఇచ్చాం. ఫొటోలు తీసేవారికి సభలో ఒక వైపు మాత్రమే కేటాయించి, ఆ వైపు ఎవరు కూర్చోవాలో రోగులకే వదిలేశాం. గులాబీ చీరలు, బ్యాడ్జీలు వంటివి పెట్టకుండా రోగులను, దాతలను, కార్యకర్తలను కలిపి కూర్చోబెట్టాం, చూసేవారికి ఎవరు ఎవరో తెలియదు. ఇంత జాగ్రత్తకు కారణం తల్లికి ఈ జబ్బు ఉందని తెలిస్తే కూతురి పెళ్లి సంబంధం తప్పిపోతుందన్న భయం. మా ప్రాంతంలో ఆ భయానికి ఆధారం లేకపోలేదు. వైద్యపరంగా చూస్తే, వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పుల వల్ల కలిగే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. ఈ సంగతిని సభలో వైద్యురాలు గట్టిగా చెప్పారు. అయితే సమాజం మారేదాకా ఆ మార్పు భారాన్ని మోయమని ఒక రోగిని మేము అడగకూడదు.

ఇక డబ్బు ఇచ్చినవారి సంగతి. ప్రతి దాతకూ వేడుకకు ముందే ఒక ఉత్తరం పంపాం. అందులో వారి విరాళం ఏ పనికి ఖర్చయిందో, రోగి పేరు, ఊరు బయటపడకుండా, ఒక పేరాలో రాశాం. ఒకరి డబ్బు బస్సు ఛార్జీలకు, ఒకరిది పరీక్షకు, ఒకరిది పథకంలో లేని మందుకు అని స్పష్టంగా చెప్పాం. ఆఫీసు అద్దెకు, నా జీతానికి ఖర్చయిన డబ్బును కూడా అదే మాటల్లో రాశాం, దానిని దాచవలసిన పని లేదు. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు ఏటా దాతల వివరాలను పన్ను శాఖకు దాఖలు చేసి, ప్రతి దాతకూ ధ్రువపత్రం ఇవ్వాలి, రూ. 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు వర్తించదు. ఈ పత్రాలను సమయానికి అందించడం కూడా కృతజ్ఞతలో మొదటి భాగమని నేను నమ్ముతాను. వేదిక మీద పూలమాల వేసి, ధ్రువపత్రం కోసం నెలల తరబడి తిప్పించుకునే సంస్థను దాత రెండోసారి నమ్మడు. అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతపువారు కూడా సహాయం చేస్తామని ముందుకు వచ్చారు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవారి నుంచి తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ తప్పనిసరి. మాకు అవి లేవు. వారికి ఈ విషయం మర్యాదగా వివరించి, సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు స్వచ్ఛందంగా పనిచేయమని కోరాం. వేడుకను అక్టోబరులో పెట్టకుండా సంక్రాంతి తరువాతి ఆదివారం పెట్టడానికి ఇది ఒక కారణం. కోతల హడావుడి తగ్గి గ్రామాల స్త్రీలకు కొంత తీరిక దొరకడం మరొకటి.

వేదిక వెనుక గుడ్డ మీద తమ పేరు సంస్థ పేరు కంటే పెద్దదిగా ఉండాలని కోరిన ఒక వ్యాపార సంస్థ సహాయాన్ని మేము తీసుకోలేదు. ఈ నిర్ణయం గురించి కార్యవర్గంలో మాట్లాడినప్పుడు గులాబీ రిబ్బను చరిత్రను గుర్తు చేశాను. 1990ల మొదట్లో అమెరికాలో షార్లట్ హేలీ అనే మహిళ తన ఇంట్లో కూర్చుని లేత నారింజ రంగు రిబ్బన్లు చేసి, క్యాన్సర్ పరిశోధన బడ్జెట్‌లో నివారణకు కేటాయించేది 5 శాతమే అని రాసిన కార్డులతో పంచింది. ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ కలిసి పనిచేద్దామని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. 1992లో వారు రంగును గులాబీకి మార్చి ప్రచారం మొదలుపెట్టారు. ఆ ప్రచారం వల్ల ప్రపంచానికి మేలు జరిగిందన్నది నిజం. ఆమె కార్డు మీది ప్రశ్న మాత్రం రిబ్బను వెంట రాలేదు. మా వేడుకలో ప్రతి సహాయకుని పక్కన వారి పనిని చెప్పాలన్న నియమం ఈ ఆలోచన నుంచే గట్టిపడింది.

ఈ పదేళ్లలో మేము పోగొట్టుకున్న స్త్రీల కుటుంబాలను పిలవాలా వద్దా అన్నది కార్యవర్గాన్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. పిలిస్తే గాయం రేగుతుందని కొందరన్నారు. పిలవకపోతే వారిని మరచిపోయినట్టవుతుందని నేను వాదించాను, ఎందుకంటే మాకు నమ్మకంగా రక్తం ఇచ్చేవారిలో, వార్డుకు క్యారేజీలు మోసేవారిలో ఆ కుటుంబాలవారు ఉన్నారు. చివరికి వారి ఇళ్లకు స్వయంగా వెళ్లి ఆహ్వానించాం. రానివారిని నొచ్చుకోనివ్వలేదు. వచ్చినవారిని వారు చేస్తున్న పని దగ్గరే, ఆ మలుపులోనే, మిగిలిన సహాయకులతో కలిపి గౌరవించాం. పోరాడి గెలిచారని కోలుకున్నవారిని పొగిడే మాటలు ఆ రోజు వేదిక మీద వాడవద్దని వక్తలందరినీ ముందుగానే కోరాను. వ్యాధి నాలుగవ దశలో బయటపడిన స్త్రీ ధైర్యంలో ఎవరికీ తీసిపోలేదు, ఆమె పిల్లలు ఆ సభలో కూర్చుని ఉన్నారు.

ఫలితాల విషయానికి వస్తే, మా సంఖ్యలు చిన్నవి. శాతాలు కట్టి చూపితే తప్పుదారి పట్టించినట్టవుతుంది. అయితే తరువాతి నెలల్లో గమనించినవి కొన్ని నమోదు చేస్తాను. ఆశా కార్యకర్తలు అనుమానం ఉన్న స్త్రీ గురించి ఊరి నుంచే నేరుగా ఫోను చేయడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ స్త్రీ ఆసుపత్రికి చేరిన తరువాతనే మాకు తెలిసేది. ప్రయోగశాల సిబ్బంది దిమ్మె పంపిన రోజునే సమాచారం ఇస్తున్నారు. ఇద్దరు దాతలు తమ విరాళాన్ని ఏటా ఒకసారి ఇవ్వడం మాని నెలనెలా ఇస్తున్నారు, మాకు నికరమైన చిన్న మొత్తమే ఎక్కువ ఉపయోగం. దర్జీ మహిళల దగ్గర కుట్టు నేర్చుకుంటామని, చికిత్స పూర్తయిన స్త్రీలే కొందరు వచ్చారు.

దారిలో చివరి మలుపుకు మాత్రం మేము ఇంకా సరిపడా సహాయకులను సంపాదించలేదు. హార్మోను గ్రాహకాలు ఉన్న క్యాన్సర్ అయితే టమాక్సిఫెన్ వంటి మాత్రను రోజూ కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. ఒంట్లో బాగుందని రెండో ఏడు మానేసేవారు మాకు తరచుగా కనిపిస్తారు. నెల తిరిగినా మాత్రలకు రాని స్త్రీకి ఫోను చేసి గుర్తు చేసే మందుల దుకాణదారుడు ఒక్కడే ఆ రోజు ఈ మలుపు దగ్గర లేచి నిలబడ్డాడు. వచ్చే సంవత్సరం సంక్రాంతి తరువాతి ఆదివారానికి, మేము పనిచేసే ప్రతి మండలంలోను అటువంటి దుకాణదారుణ్ని ఒకరినైనా కలుపుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. మొదటి విడతగా రావులపాలెం, కొవ్వూరు, అమలాపురం ప్రాంతాల మందుల దుకాణదారులతో మాట్లాడే పని మొదలైంది.